గొల్లభామకు ముసలితనం రాదా?

"ముసలమ్మ బొమ్మను ఎవరు కొంటారమ్మా?"

ఈ మాట నాతో అన్నది ఏ సేటో, ఏ దళారో అయితే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. వాళ్ల మాటలు నలభై ఏళ్లుగా వింటూనే ఉన్నాను. అన్నది మనలో ఒకరు. ఆడవాళ్ల హక్కుల కోసం పనిచేసే ఒక సంస్థ తరఫున, ఆడవాళ్ల చేతిపనుల అమ్మకానికి సరుకు ఎంపిక చేయడానికి వచ్చిన మనిషి. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. మర్యాదగానే అన్నది. నవ్వుతూనే అన్నది. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

నేను తీసుకెళ్లింది మూడు బొంతలు. దుబ్బాకలో మా ఇంటి అరుగు మీద కూర్చుని పాత చీరల ముక్కలతో కుట్టినవి. ఒకదాని మీద కొంగలు. ఒకదాని మీద చింతకొమ్మ, దానిమీద ఉడుతలు. ఆ రెండూ తీసుకున్నారు. మూడోదాని మీద గొల్లభామ. తలమీద చల్లకుండ, చేతిలో కర్ర, పక్కన ఒక మేక. నడుము వంగింది. రొమ్ములు జారాయి. జుట్టు కోసం నేను వాడింది ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల పంచె ముక్క. దాన్ని మళ్లీ మడతపెట్టి నా చేతిలో పెడుతూ ఆమె అడిగిన ప్రశ్న అది. "గొల్లభామ అంటే పడుచుపిల్ల కదా, అట్లా మార్చి కుట్టండి, వచ్చేసారి తప్పకుండా తీసుకుంటాం" అని సలహా కూడా ఇచ్చింది.

నేను మార్చలేదు. ఎందుకు మార్చలేదో ఆ రోజు ఆమెకు చెప్పలేకపోయాను. బస్సుకు వేళయింది, కోపంతో నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతాను.

మా ప్రాంతం సంగతి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. దుబ్బాక 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. మాది మగ్గాల ఊరు. సిద్దిపేట పేరుమీద గొల్లభామ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చి పదేళ్లు దాటింది. ఆ చీర అంచుమీదా కొంగుమీదా కుండ ఎత్తుకున్న గొల్లపిల్ల బుటా ఉంటుంది. అది అచ్చువేసిన బొమ్మ కాదు, సూదితో కుట్టిందీ కాదు. పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ, పేకతోబాటు వేరే రంగు నూలు చేర్చి, మగ్గం మీదే నేస్తారు. ఒక్క పోగు లెక్క తప్పితే గొల్లభామ మూతి వంకర పోతుంది. చిన్నప్పుడు నాకు ఈ పేరుతో పెద్ద తికమక. మాకు గొల్లభామ అంటే ముందు తెలిసింది గడ్డిలో ఉండే ఆకుపచ్చ పురుగు. ముందుకాళ్లు రెండూ ఎత్తి దండం పెట్టినట్టు నిలబడుతుంది. చీరమీద ఉన్నది ఆ పురుగేనని చాలా ఏళ్లు నమ్మాను. "పురుగు కుండెందుకు ఎత్తుకుంది?" అని మా నాయనమ్మను అడిగితే ఇంటిల్లిపాదీ నవ్వారు. నా బొంతలమీదికి ఆ పురుగు కూడా వచ్చింది. ఆ పొరపాటును నేను వదులుకోదలచుకోలేదు.

సరే. చీరమీది గొల్లభామ వయసెంత? మా నాయనమ్మ కండెలు చుట్టినప్పుడు పదహారు. మా అత్త చుట్టినప్పుడు పదహారు. నేను చుట్టినప్పుడూ పదహారే. మూడు తరాల ఆడవాళ్ల భుజాలు అరిగిపోయాయి, ఆ పిల్ల మాత్రం తలమీద కుండ కూడా దించలేదు. ఈ విషయం ఎన్నడూ నాకు తప్పుగా తోచలేదు. నాకు అరవై దాటాక, ఒకనాడు కొంగు పరిచి చూస్తుంటే తోచింది. ఈ చీరమీద ఉన్న ఆడది ఎన్నటికీ ముసల్ది కాకూడదు, ఈ చీర కోసం పనిచేసిన ఆడది ముసల్దైతే కనబడకూడదు. రెండూ ఒకే నియమం!

మగ్గం పని అంటే బయటివాళ్లకు నాడె ఆడించేవాడే గుర్తుకొస్తాడు. నూలు చిలపలు తడిపేదెవరు? గంజి పట్టించి ఆరేసేదెవరు? రాట్నం తిప్పి కండెలు చుట్టేదెవరు? తెగిన పోగు వెతికి ముడేసేదెవరు? ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో, చిలకకు ఏ పచ్చ పెట్టాలో, అంచుకు మిరపపండు రంగా కుంకుమ రంగా అని ముందురోజు రాత్రి వంటింట్లోంచి చెప్పేదెవరు? మా ఆయన మంచి నేతగాడు, అబద్ధమెందుకు చెప్పాలి. అయితే ఆయన కంటికి ఎరుపులో రెండు రకాలే ఉంటాయి. మా అత్తకు ఏడు ఉండేవి. ఏడింటికీ ఏడు పేర్లు పెట్టుకున్నది. ఒకటి గురిగింజ, ఒకటి కోడిజుట్టు, ఒకటి మోదుగుపువ్వు, ఇట్లా. ఆమెను ఎవరైనా కళాకారిణి అన్నారా? కనీసం నేత కార్మికురాలు అన్నారా? కాగితాల్లో మాకున్న పేరు 'అనుబంధ కార్మికులు'. మగ్గానికి అనుబంధం, మగ్గం ముందు కూర్చున్న మగవాడికి అనుబంధం.

2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత, అనుబంధ కార్మికులున్నారని లెక్క తేల్చింది. అందులో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లు. వాళ్లలో చాలామంది అస్సాం మొదలైన ఈశాన్య రాష్ట్రాల వాళ్లు. అక్కడ మగ్గం ముందు కూర్చునేదే ఆడది. అంటే ఆడదాన్ని మగ్గం ఏనాడూ వద్దనలేదన్నమాట. వద్దన్నది మన దగ్గరి ఇల్లు.

ఇక మన ప్రభుత్వాల భాష చూడండి. 2017లో వచ్చిన పొదుపు పథకం పేరు 'నేతన్నకు చేయూత'. 2022 ఆగస్టులో మొదలుపెట్టిన బీమా పేరు 'నేతన్న బీమా'. ఎక్కడ చూసినా నేతన్నే. నేతమ్మ అనే మాట ఏ పథకం బోర్డుమీదైనా చూశారా? ఆ బీమా మొదలైనప్పుడు అరవై లోపు వాళ్లకే. తర్వాత ఏడాదికి డెబ్బై అయిదు దాకా పెంచుతామన్నారు, పెద్ద వయసు వాళ్లకు వచ్చేది మాత్రం చిన్న మొత్తం. మనిషి ప్రాణానికి కూడా వయసును బట్టే ధర కట్టారు.

పింఛను సంగతి ఇంకా విచిత్రం. 2014 నవంబరులో ఆసరా పింఛన్లు వచ్చినప్పుడు నేత కార్మికులకు యాభై ఏళ్లకే ఇస్తామన్నారు. మంచిదే. మగ్గం పని చేసిన ఒళ్లు యాభైకే అలిసిపోతుందని ఒప్పుకున్నట్టే కదా. మొదట వెయ్యి రూపాయలు, 2019 నుంచి 2016 రూపాయలు. 2023 ఎన్నికల్లో నాలుగు వేలు చేస్తామన్న హామీ కూడా విన్నాం. అయితే ఇంటికి ఒక్కటే పింఛను అన్న నియమం ఒకటి పెట్టారు. మా ఇంట్లో మగ్గం ఎవరి పేరుమీద ఉంది? ఆయన పేరుమీద. పింఛను ఎవరికొచ్చింది? ఆయనకు. "నీకెందుకమ్మా, ఇంట్లోకి వచ్చిందిగా" అన్నాడు కాగితాలు చూసిన మనిషి. నలభై ఏళ్లు కండెలు చుట్టిన ఈ భుజానికి హక్కుగా రావాల్సింది రావాలంటే నేను ముందు విధవనై ఉండాలి! ఇంతకంటే ఘోరమైన మాట చట్టంలో రాయనక్కరలేదు, నియమం దానంతట అదే చెబుతుంది.

భుజం అంటే గుర్తొచ్చింది. ఆలేరులో చింతకింది మల్లేశం అనే ఆయన తల్లి ఆసు పోసి పోసి భుజం నొప్పితో ఏడుస్తుంటే చూడలేక యంత్రం కనిపెట్టాడు. పోచంపల్లి రకం చీర ఒక్కటి నేయాలంటే ఆసు దగ్గర చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయనంటే నాకు గౌరవం. అయినా ఒక్కమాట అడుగుతాను. ఆ తొమ్మిది వేల సార్లు అనే లెక్క లోకానికి తెలియడానికి ఒక కొడుకు పుట్టి పెరిగి యంత్రం కనిపెట్టాల్సి వచ్చింది. అట్లాంటి కొడుకు లేని ఆడవాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

మా మగ్గం మూలనపడ్డ కథ అందరిదీ ఒకటే. 1985 చట్టంలో చేనేతకని 22 రకాల బట్టలు కేటాయించారు, తర్వాత వాటిని 11కు కుదించారు. ఆ పదకొండైనా మరమగ్గాల వాళ్లు నేయకుండా ఆపిందెవరు? ఇప్పుడు మిల్లు చీరమీద గొల్లభామను అచ్చుగుద్ది అమ్ముతుంటే నేనే బజారులో చూశాను. మగ్గం ఆగిన ఇళ్లలో ఆడవాళ్లు బీడీలకు కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. తునికాకు తడిపి, రేకు పెట్టి, కత్తెరతో కత్తిరించి, చాటలో వెయ్యి బీడీలు చుట్టేసరికి ఒళ్లు హూనం. పొగాకు ఘాటుకు దగ్గు. అది ఉపాధి కాదు, శిక్ష. అయితే ఆ కత్తెర నా చేతికి ఒకటి నేర్పింది. ఆకు ఈనె ఎటు పోతే అటు తిప్పి, గీత లేకుండా కత్తిరించడం. ఇప్పుడు నేను గుడ్డమీద కొంగ మెడ గీయను. బట్ట తీసుకుని నేరుగా కత్తిరిస్తాను. ఎట్లా వస్తుందని అడిగేవాళ్లకు, ఎన్ని లక్షల ఆకులు కత్తిరించానో లెక్కేసుకోమని చెబుతాను.

బొంతలు మా ఇళ్లలో ఎప్పుడూ ఉన్నవే. చలికాలం కప్పుకోవడానికి చిరిగిన చీరలు పొరలు వేసి కుట్టుకుంటాం. వాటిమీద బొమ్మలు కుట్టడం మాత్రం నేను యాభై నాలుగో ఏట మొదలుపెట్టాను. ముట్లు ఆగిన రెండేళ్లకు. ఈ మాట కావాలనే రాస్తున్నాను. మన పత్రికల్లో ముట్ల గురించి రాశాం, కాన్పుల గురించి రాశాం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దుర్మార్గాల గురించి రాశాం. ముట్లుడిగిన తర్వాత ఆడదానికి ఇంకా పాతికేళ్లో ముప్పై ఏళ్లో బతుకు మిగిలి ఉంటుందని, ఆ బతుకులో ఆమె ఏం చేయాలనుకుంటుందో అడగాలని మనకూ పెద్దగా తోచలేదు. ఆరోగ్య శిబిరాల్లో దాన్నొక జబ్బుగా చెప్పాం. ఇళ్లలో దాన్నొక ముగింపుగా చెప్పారు. నాకు మాత్రం మొదటిసారి ఒక మధ్యాహ్నం పూర్తిగా నాదయింది. పిల్లలు వాళ్ల దారిన వాళ్లు వెళ్లారు. అత్త పోయింది. నన్ను చూసేవాళ్లు లేరు కాబట్టి నేను చూడడం మొదలుపెట్టాను.

చత్వారం వచ్చింది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లను పిలవాలి. అయితే గోడమీది తొండ గొంతు ఎప్పుడు ఎర్రబడుతుందో కనిపిస్తుంది, కూడవెల్లి వాగు గట్టున కొంగ ఒక కాలు ఎట్లా ముడుచుకుంటుందో కనిపిస్తుంది. దసరాకు పాలపిట్టను చూడాలని అందరూ పరిగెత్తుతారు, చూసి దండం పెట్టి వచ్చేస్తారు. అది ఎగిరినప్పుడు రెక్కల కింద ఎన్ని నీలాలుంటాయో ఎంతమంది చూశారు? ఆ నీలం కోసం నేను ఆరు పాత చీరలు వెతికాను.

మా కులాన్ని సాలోళ్లు అంటారు. ఇంటి మూలన గూడు అల్లేదాన్ని సాలెపురుగు అంటారు. మమ్మల్ని చూసి దానికి ఆ పేరు పెట్టారో, దాన్ని చూసి మాకు పెట్టారో తెలియదు గానీ, ఒక సంగతి చదివి నవ్వుకున్నాను. చక్రంలాంటి గూళ్లు అల్లే జాతుల్లో చాలావాటిలో ఎదిగిన మగ సాలెపురుగు గూడు అల్లడం మానేస్తుందట, జత కోసం తిరుగుతుందట. మనం పొద్దున్నే చూసే ఆ పెద్ద గూడు దాదాపు ఎప్పుడూ ఆడదానిదే. అదే గిజిగాడి దగ్గరికి వస్తే తారుమారు. ఈతచెట్టుకు వేలాడే ఆ గూడు మగపిట్ట అల్లుతుంది. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే ఉంటుంది, నచ్చకపోతే వెళ్లిపోతుంది. ఇంకోటి అల్లుకోవాల్సిందే! అంటే అల్లిక ఆడదా మగదా అన్నది ప్రకృతి నిర్ణయం అనేవాళ్లు కాస్త బయటికి వచ్చి చెట్టు చూడాలి. ఈ రెండింటినీ ఒకే బొంతమీద కుట్టాను. మా ఆయన చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గిజిగాడి ముక్కు పొట్టిగున్నది" అన్నాడు. నిజమే, ఆ ముక్కు విప్పి మళ్లీ కుట్టాను.

జంతువులంటే మనకు ప్రేమ ఎక్కువని చెప్పుకుంటాం. మన నోళ్లలో ఉన్న మాటలు వినండి. కాన్పు లేనిదాన్ని గొడ్రాలంటారు. వయసు మళ్లినదాన్ని వట్టిపోయిన బర్రె అంటారు. మాట పడనిదాన్ని గయ్యాళి గాడిద అంటారు. ముసలి మగవాడు సింహమవుతాడు, పులవుతాడు. మా పద్మశాలీల కథలో మూలపురుషుడు భావనారుషి తామరతూడు దారంతో బట్ట నేసి, పులి వాహనమెక్కి తిరుగుతాడు. మాకు పులులు లేవు, పాలు ఆగిన బర్రెలే ఉన్నాయి. సరే, ఆ బర్రెనే తీసుకున్నాను. మా వాడకట్టులో ఒక ముసలి బర్రె ఉండేది, అమ్మేయడానికి మనసొప్పని ఒక అవ్వ దాన్ని చివరిదాకా సాకింది. దాని కొమ్ముల వంపు, వీపు ఎముక, నీళ్లలో దిగినప్పుడు అది కళ్లు మూసుకునే తీరు, ఇవి ఏ పడుచు బర్రెకూ ఉండవు. నల్లటి బట్టల్లో నాలుగు నలుపులు వెతికి దాన్ని కుట్టాను. నేను చేసినవాటిలో అదే మంచిదని నా నమ్మకం. ఎవరూ కొనలేదు.

ఏనుగుల మందకు దారి చూపేది మందలోకెల్లా పెద్ద వయసున్న ఆడ ఏనుగు. ఎండాకాలం నీళ్లెక్కడుంటాయో దానికి గుర్తుంటుంది. సముద్రంలో ఓర్కా అనే తిమింగలాల జాతి ఉంది. వాటిలో ఆడవి నలభై ఏళ్ల దగ్గర పిల్లల్ని కనడం ఆపేసి, ఆ తర్వాత కూడా దశాబ్దాలు బతుకుతాయి. చేపలు దొరకని ఏళ్లలో గుంపును ముందుండి నడిపేది ఆ ముసలివే. ఇవి నేను కల్పించిన కథలు కావు, వాటి వెంట ఏళ్లతరబడి తిరిగినవాళ్లు చూసి రాసినవి. జంతువుల్లో కూడా అన్నీ మంచివే ఉంటాయని నేనడం లేదు. వట్టిపోవడం అంటే పనికిరాకపోవడం అని జంతువుల పేరుపెట్టి మనల్ని తిట్టేవాళ్లకు జంతువుల సంగతి తెలియదని మాత్రమే అంటున్నాను.

ఇంతకీ ముసలితనంలో బొమ్మలు వేయడం వింత సంగతా? మధ్యప్రదేశ్‌లో ఉమరియా జిల్లా లోర్హా అనే ఊళ్లో జోధయ్యా బాయి అనే బైగా ఆదివాసీ స్త్రీ ఉండేది. కట్టెలు అమ్మింది, కూలి చేసింది. భర్త పోయాక, అరవై దాటి డెబ్బై దగ్గర పడుతుండగా కుంచె పట్టింది. పులి, నెమలి, ఇప్పచెట్టు, అడవి. 2023లో పద్మశ్రీ వచ్చింది, 2024 డిసెంబరులో చనిపోయింది. ఆస్ట్రేలియాలో ఎమిలీ కామే ఉంగ్వారే అనే ఆదివాసీ స్త్రీ మొదట బట్టమీద మైనపు రంగుల అద్దకం పని చేసి, డెబ్బై దాటాక కాన్వాసు మీదికి వచ్చింది. తమ నేలలోని దుంపతీగ, ఈము పక్షి, వాన పడ్డ ఎడారి ఆమె బొమ్మలు. 1996లో చనిపోయేలోగా ఎనిమిదేళ్లలో మూడు వేల దాకా వేసిందని చెబుతారు.

ఈ ఇద్దరి కథ చెప్పగానే సభల్లో చప్పట్లు కొడతారు. నాకు ఆ చప్పట్లంటే భయం. ఒక్కరిని పైకెత్తి అద్భుతం అన్నామంటే మిగతా వాళ్లంతా మామూలు ముసలమ్మలని తేల్చేసినట్టే. జోధయ్యా బాయికి అరవై దాటాక కొత్తగా చేతులు మొలిచాయా? కట్టెలకోసం అడవికి పోయిన ప్రతిరోజూ ఆమె చూస్తూనే ఉంది. ఆమె చేతికి కుంచె అందించే మనిషి అన్నేళ్ల దాకా రాలేదు, అంతే. మా వీధిలో సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు, బంతి వరుసలు పేర్చే డెబ్బై ఏళ్ల చేతులు చూడండి. గునుగుకు రంగు అద్ది, మధ్యలో ఏ వరుస ఎంత ఎత్తు రావాలో కంటితో కొలిచి పేరుస్తాయి. ఆ రాత్రే నీళ్లలో వదిలేస్తాం. గోడకు ఎర్రమన్ను పూసి సుద్దతో వేసిన చిలకలు వానకు కారిపోతాయి. వాకిట్లో ముగ్గును పొద్దెక్కకముందే బర్రెలు తొక్కుతాయి. నిలిచి ఉండనిదాన్ని కళ అనరు, దానికి ధర కట్టరు, చేసినవాళ్ల పేరు రాయరు. మగవాడు చేసి గోడకు తగిలిస్తే కళ, ఆడది చేసి కప్పుకుంటే బొంత!

ఇక మన సంగతికొస్తాను. కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా ఫర్వాలేదు.

మన సంస్థల క్యాలెండర్లు తీసి చూడండి. ముడతలు పడ్డ చేతులు, ముడతలు పడ్డ ముఖం, దగ్గరగా తీసిన ఫోటో. కింద పేరుండదు. ఆ చేతులు ఏం చేస్తాయో ఉండదు. నిధులిచ్చే వాళ్లకు ముడతలు కావాలి, ముడతల మనిషి అక్కర్లేదు. శిక్షణ కరపత్రం చూడండి. 'పద్దెనిమిది నుంచి ముప్పై అయిదేళ్ల మహిళలు అర్హులు.' నేను వెళ్లిన ఒక శిక్షణలో అరవై ఏళ్లదాన్నని గడప దగ్గరే ఆపారు. మూడోరోజు, నేర్పడానికి వచ్చినామెకు అతుకు కుట్టు మూల తిప్పడం రాక నన్నే పిలిచారు. నేర్పాను. భోజనం పెట్టారు. నేర్పినందుకు ఇచ్చే డబ్బు మాత్రం పట్టికలో పేరున్న వాళ్లకే. నేను ఆ పట్టికలో ఏ గడిలోకీ రాలేదు. నేర్చుకోవడానికి పెద్దదాన్ని, నేర్పడానికి చదువు లేనిదాన్ని.

మన కార్యకర్తలు ఇచ్చే జవాబులు నాకు తెలుసు. నిధులు తక్కువ, ముందు వయసులో ఉన్న ఆడపిల్లలకు ఉపాధి చూపాలి అంటారు. ఇందులో నిజం ఉంది. మొగుడు వదిలేసిన ఇరవై ఆరేళ్ల పిల్లకూ నాకూ మధ్య ఒక్క కుట్టుమిషనే ఉంటే ఆ పిల్లకే ఇవ్వండి, నేనే మోసుకొచ్చి ఇస్తాను. కానీ నేను అడిగింది మిషను కాదు. నా పనికి నా పేరు. నాకు వచ్చిన బొమ్మను నాకు కనిపించినట్టు కుట్టే హక్కు. దీనికి ఎవరి నిధుల్లో ఎంత తరుగుతుంది?

రెండో జవాబు మార్కెట్. కొనేవాళ్లు ఇష్టపడరు అంటారు. అక్కా, మనం పెళ్లిచూపుల మార్కెట్‌ను ఒప్పుకున్నామా? కట్నం రేటును ఒప్పుకున్నామా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం ముందు కూర్చున్నప్పుడు, తాగేవాళ్లు ఇష్టపడరని ఎవరైనా లేచి ఇళ్లకు పోయారా? సబ్బు ప్రకటనలో పదహారేళ్ల చర్మం చూపిస్తే తప్పని వ్యాసాలు రాసిన మనమే, మన దుకాణంలో పదహారేళ్ల గొల్లభామ తప్ప ఇంకోటి అమ్ముడుపోదని నిర్ణయిస్తున్నాం. ఒక్కసారి బల్లమీద పెట్టి కూడా చూడకుండా!

మా పక్కింటి వదిన ఉంది. నాకంటే ఐదేళ్లు పెద్దది, బీడీలు చుట్టి చుట్టి ఆమె వేలి కొసలు మొద్దుబారాయి. నేను ఆ రోజు బస్సు దిగి బొంత సంచితో వస్తుంటే అడిగింది.

"ఏందొదినా, ఒకటి వాపసొచ్చినట్టున్నది?"

"ముసలమ్మను ఎవరూ కొనరంట."

బొంత విప్పి మంచంమీద పరిచింది. చాలాసేపు చూసింది. చేత్తో తడిమింది, కొసలు మొద్దుబారినా కుట్టు ఎక్కడ బిగుతుగా ఉందో ఆమెకు తెలుస్తుంది.

"గీమెకు చెప్పులెయ్యకపోతివి. మోకాళ్ల నొప్పులున్నోళ్లు ఉత్త కాళ్లతోటి మేకల వెంబడి ఎట్ల తిరుగుతరు?"

ఎంపిక చేసేవాళ్లు చేయాల్సిన విమర్శ అది. మరునాడు పాత తోలుసంచి రంగు గుడ్డ వెతికి చెప్పులు కుట్టాను. అదే సమయంలో కుండ కూడా మార్చాను. ముందు నిండు కుండ పెట్టాను, ఇప్పుడు పక్కకు కాస్త ఒరిగింది, చల్ల చుక్కలు మేక వీపుమీద పడుతున్నాయి. మేక తల తిప్పి చూస్తోంది. మూలన గడ్డిలో ఆకుపచ్చ గొల్లభామ పురుగు ముందుకాళ్లు ఎత్తి నిలబడింది.

వచ్చే అమ్మకానికి ఈ బొంతనే తెస్తాను. కొంగలు, ఉడుతలు ఎంతకు తీసుకున్నారో దీని ధర కూడా అంతే, ఒక్క రూపాయి తగ్గించను. చీటీమీద 'దుబ్బాక మహిళల చేతిపని' అని రాయకండి, నా పేరు రాయండి. రంగుల కింద మా అత్త పేరు రాయండి, ఆ ఎరుపులు ఆమెవి. కొనేవాళ్లు లేకపోతే సాయంత్రం మడతపెట్టి నేనే తీసుకుపోతాను, దుబ్బాకలో చలికాలం బాగానే ఉంటుంది. బల్ల మీద మాత్రం పెట్టండి.